మెలకువ వేళ ఎవరిది వారిదే

నెల్లూరు తీరంలో రొయ్యల గుంటలకు కాపలా మనిషి దొరకడం ఒక ఎత్తు, తెల్లవారుజామున మూడు నాలుగు గంటల మధ్య నిజంగా మెలకువగా ఉండే మనిషి దొరకడం ఒక ఎత్తు. ఇందుకూరుపేట, అల్లూరు, విడవలూరు వైపు రొయ్యలు సాగుచేసేవారికి ఈ కష్టం కొత్త కాదు. పగలు నీటిలోని నాచు ఎండ సాయంతో ఆక్సిజన్ తయారుచేస్తుంది. పొద్దుగూకగానే ఆ తయారీ ఆగిపోతుంది. ఆ తర్వాత నాచు, రొయ్యలు, అడుగున కుళ్లుతున్న మేత, అన్నీ కలిసి ఉన్న ఆక్సిజన్‌ను రాత్రంతా వాడుకుంటూ పోతాయి. అందుకే నీటిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తగ్గేది సూర్యోదయానికి కాస్త ముందు. సరిగ్గా ఆ సమయంలో కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే, జనరేటర్ వేయడం ఆలస్యమైతే, రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. నెలల తరబడి పెట్టిన పెట్టుబడి ఆ కాసేపట్లో పోవచ్చు.

మనిషి ఒంట్లోనూ అట్టడుగు వేళ దాదాపు అదే. రాత్రి పదకొండుకు పడుకుని ఆరింటికి లేచే మనిషి శరీర ఉష్ణోగ్రత, చురుకుదనం నాలుగు గంటల ప్రాంతంలో బాగా దిగజారతాయి. అయితే ఇది అందరికీ ఒకే గడియలో జరగదు. కొందరికి మూడు లోపే ఆ గడ్డుకాలం దాటిపోయి, నాలుగింటికల్లా ఒళ్లు తేలికపడుతుంది. మరికొందరికి అది ఆరింటికి గానీ రాదు. వారు రాత్రి రెండింటి దాకా ఉత్సాహంగా తిరిగి, నాలుగున్నరకు కుర్చీలోనే తల వాలుస్తారు. గట్టు మీద మొదటివాడికి నమ్మకస్తుడని, రెండోవాడికి నిద్రమొహమని పేరు పడుతుంది. ఈ రెండు పేర్లూ మనిషి గుణాన్ని చూసి పెట్టినవి కావు, అతని ఒంటి గడియారం ఆ వేళకు ఎక్కడుందో చూసి పెట్టినవి.

నిద్ర లేచే వేళను పెంపకానికీ, క్రమశిక్షణకూ, చివరికి శీలానికీ కొలబద్దగా వాడటం మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది. పొద్దున్నే లేచేవాడు పైకొస్తాడు, పొద్దెక్కేదాకా పడుకునేవాడు చెడిపోతాడు అనే మాట విననివారు ఉండరు. పెళ్లిచూపుల్లో సైతం అమ్మాయి ఎన్నింటికి లేస్తుందని అడిగేవారున్నారు. ఈ కొలబద్ద తప్పు. దీనివల్ల జరుగుతున్న నష్టం, ముఖ్యంగా చదువుకునే పిల్లలకు జరుగుతున్న నష్టం, చిన్నది కాదు.

రెండు శక్తుల లెక్క

నిద్ర ఎప్పుడు ముంచుకొస్తుంది, ఎప్పుడు విడుస్తుంది అన్నదానికి 1982లో జ్యూరిచ్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ ఇచ్చిన వివరణ ఇప్పటికీ నిలిచి ఉంది. ఆయన లెక్కలో రెండు శక్తులున్నాయి. మొదటిది, మెలకువగా ఉన్నకొద్దీ పెరిగే నిద్ర భారం. మెదడు పనిచేస్తున్నంతసేపూ అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది. అది పెరిగేకొద్దీ కళ్లు బరువెక్కుతాయి, నిద్రపోతే తగ్గుతుంది. టీ, కాఫీల్లోని కెఫీన్ ఈ అడినోసిన్‌ను తీసేయదు, అది మెదడు కణాలకు తగలకుండా అడ్డుపడుతుంది. అంతే. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున ఐదు గంటలు పడుతుంది. అంటే సాయంత్రం ఆరింటికి బస్టాండులో తాగిన కాఫీలో సగం రాత్రి పదకొండింటికి ఇంకా రక్తంలోనే ఉంటుంది. ఈ వేగం కూడా మనిషికీ మనిషికీ మారుతుంది కనుకనే, రాత్రి భోజనం తర్వాత కాఫీ తాగి హాయిగా నిద్రపోయేవారూ, నాలుగు గంటల టీకే రాత్రంతా దొర్లేవారూ ఒకే ఇంట్లో కనిపిస్తారు.

రెండో శక్తి ఒంటి గడియారం. రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు మెదడు అడుగున ఒకదాన్నొకటి దాటే చోటుకు కాస్త పైన, సుమారు 20,000 కణాల చిన్న గుంపు ఒకటుంది. శరీరమంతటికీ వేళ చెప్పేది అదే. వెలుతురు జాడ తెలియకుండా మనుషులను ఉంచి చూస్తే ఈ గడియారం సరిగ్గా 24 గంటలకు ఒక చుట్టు పూర్తిచేయదని తేలింది. 1999లో హార్వర్డ్ పరిశోధకులు కొలిచిన సగటు 24 గంటల 11 నిమిషాలు. కొందరిది ఇంకాస్త పొట్టి, కొందరిది ఇంకాస్త పొడుగు. పొడుగు చుట్టు ఉన్నవారికి నిద్ర, మెలకువ రెండూ ఆలస్యం కావడానికి మొగ్గుచూపుతాయి. రోజూ ఈ తేడాను సరిచేసేది వెలుతురు. పొద్దుటి వెలుతురు గడియారాన్ని ముందుకు జరుపుతుంది, అంటే నిద్రా మెలకువా పెందలాడే వస్తాయి. రాత్రి వెలుతురు వెనక్కి లాగుతుంది, అంటే రెండూ ఆలస్యమవుతాయి.

కోడిపుంజు సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. తెల్లవారబోతోందని చూసి కోడి కూస్తుందని అనుకుంటాం. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వారు 2013లో పుంజులను పగలూ రాత్రీ తేడా లేని మసక వెలుతురులో ఉంచి పరీక్షించారు. అవి తమ లోపలి గడియారాన్ని బట్టే వేళకు కూశాయి. ఆ బృందమే 2015లో మరో విషయం బయటపెట్టింది. ఒకే చోట ఉన్న పుంజుల్లో అన్నిటికన్నా పైచేయిగా ఉండే పుంజు ముందు కూస్తుంది, మిగతావి తమ స్థాయి ప్రకారం దాని వెనుక కూస్తాయి. కింది పుంజుకు సొంత గడియారం ఉన్నా, అది పెద్ద పుంజు వేళకు లొంగి ఉంటుంది. మన ఇళ్లలోనూ ఎవరి మాట చెల్లుతుందో వారి మెలకువే అందరి మెలకువ అయి కూర్చోవడం తరచూ చూసేదే.

పుట్టుకతో కొంత, వయసుతో కొంత

ఒంటి గడియారం జన్యువుల్లో రాసి ఉందని తేలడానికి చాలాకాలం పట్టింది. ఈగల్లో ఆ జన్యువు పనితీరును విప్పిచెప్పినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. మనుషుల విషయంలో గట్టి ఆధారం అమెరికాలోని యూటా రాష్ట్రంలో దొరికింది. అక్కడ ఒక కుటుంబంలో తరతరాలుగా కొందరికి రాత్రి ఏడున్నరకే నిద్ర ముంచుకొచ్చి, తెల్లవారుజామున నాలుగున్నరకల్లా తెలివి వచ్చేస్తుంది. పీఈఆర్2 అనే జన్యువులో ఒక చిన్న మార్పే దానికి కారణమని 2001లో గుర్తించారు. దీనికి ఎదురు దిక్కున, నిద్ర వేళను గంటల కొద్దీ వెనక్కి నెట్టే మార్పును సీఆర్‌వై1 జన్యువులో 2017లో కనుగొన్నారు. ఇవి అరుదైనవి. మామూలు మనుషుల్లో తేడా ఒక్క జన్యువుతో రాదు. దాదాపు 7 లక్షల మంది సమాచారాన్ని పరిశీలించిన 2019 నాటి అధ్యయనం, పొద్దున్నే లేచే గుణంతో ముడిపడిన 351 చోట్లను జన్యువుల్లో గుర్తించింది. ఎత్తు, ఒంటి రంగు లాగానే ఇదీ చాలా చిన్న చిన్న ముక్కలు కలిసి ఏర్పడే లక్షణం.

ఎన్ని గంటల నిద్ర కావాలన్నదీ అందరికీ ఒకటి కాదు. 18 నుంచి 64 ఏళ్ల వారికి 7 నుంచి 9 గంటలు, 65 దాటినవారికి 7 నుంచి 8 గంటలు, 14 నుంచి 17 ఏళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటలు అని అమెరికా నేషనల్ స్లీప్ ఫౌండేషన్ 2015లో సూచించింది. సుమారు ఆరు గంటల నిద్రతోనే ఏ లోటూ లేకుండా బతికేవారు నిజంగా ఉన్నారు, వారిలో కొందరి జన్యుమార్పును 2009లో గుర్తించారు కూడా. కానీ వారు చాలా చాలా అరుదు. ఫలానా గొప్పవాడు నాలుగు గంటలే నిద్రపోయేవాడని పిల్లలకు నూరిపోసే పెద్దలు ఈ అరుదైన సంగతిని అందరికీ నియమం చేస్తున్నారు.

జన్యువుల కన్నా కంటికి బాగా కనిపించేది వయసు. చిన్నపిల్లలు పెందలాడే లేస్తారు. యవ్వనం వచ్చేసరికి గడియారం వెనక్కి జరగడం మొదలవుతుంది. రాత్రి నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ హార్మోన్ విడుదల ఆలస్యమవుతుంది. నిద్ర భారం పోగయ్యే వేగం కూడా తగ్గుతుంది, అందుకే పదహారేళ్ల పిల్లవాడు రాత్రి పదిన్నరకు నిజంగానే నిద్ర రావడం లేదంటాడు. జర్మన్ పరిశోధకుడు టిల్ రోనెబర్గ్ బృందం వేలాది మందిని అడిగి 2004లో చూపినదాని ప్రకారం, ఈ ఆలస్యం 20 ఏళ్ల ప్రాంతంలో తారస్థాయికి చేరి, అక్కడి నుంచి తగ్గుముఖం పడుతుంది. ఆడపిల్లల్లో మగపిల్లల కన్నా కాస్త ముందే తగ్గుతుంది. అరవై దాటేసరికి గడియారం బాగా ముందుకు జరుగుతుంది, నిద్ర పలచబడుతుంది. మనవడు పొద్దెక్కి లేవడం, తాతకు నాలుగింటికే తెలివి రావడం, రెండూ వయసు చేసే పనే. ఒకదాన్ని బద్ధకమనీ, మరొకదాన్ని నిష్ఠ అనీ పేర్లు పెట్టుకున్నది మనం.

హాస్టల్ గంట

నెల్లూరు, ఒంగోలు పట్టణాలకు చుట్టుపక్కల పల్లెల నుంచి ఏటా పిల్లలు ఇంటర్ చదవడానికి వచ్చి రెసిడెన్షియల్ కాలేజీల్లో చేరతారు. చాలా చోట్ల తెల్లవారుజామున నాలుగున్నరకో ఐదుకో గంట కొడతారు. స్నానాల గదుల ముందు వరుస. చన్నీళ్లు మొహాన చల్లుకుని స్టడీ అవర్‌లో కూర్చుంటారు. రాత్రి పది, పదిన్నర దాకా మళ్లీ స్టడీ అవర్లు. పక్క మీదికి చేరేసరికి పదకొండు, ఆ వయసు గడియారం కన్ను మూయనిచ్చేసరికి పన్నెండు. చేతికి మిగిలేది ఐదు గంటలు. పిల్లలకు కావలసింది కనీసం ఎనిమిది.

పోతున్న మూడు గంటలు ఏ మూడు గంటలో కూడా చూడాలి. రాత్రి నిద్ర అంతా ఒకే రకం కాదు. సుమారు గంటన్నరకు ఒకటి చొప్పున సాగే ఆవృత్తాల్లో, రాత్రి మొదటి భాగంలో గాఢనిద్ర ఎక్కువ, చివరి భాగంలో కలలు వచ్చే నిద్ర ఎక్కువ. ఐదు గంటలకు లేపితే పోయేది చాలావరకు ఆ చివరి భాగం. నేర్చుకున్నది మెదడులో కుదురుకోవడానికి, మనసు నెమ్మదించడానికి రెండు రకాల నిద్రా అవసరమే. అంటే చదివినది నిలవాల్సిన సమయాన్ని కోసి, చదివే సమయానికి కలుపుతున్నారన్నమాట. పుస్తకం ముందు కూర్చున్న గంటలే లెక్కలోకి వస్తున్నాయి గానీ, తలకెక్కిన పాఠం లెక్కలోకి రావడం లేదు.

ఇది ఇక్కడి పిల్లల సుకుమారం కాదు, వేరే దేశాల్లో ఈ సమస్యను చట్టం దాకా తీసుకెళ్లారు. మాధ్యమిక, ఉన్నత పాఠశాలలు ఉదయం 8:30 కన్నా ముందు మొదలుపెట్టవద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లో సిఫారసు చేసింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో చట్టం చేసి 2022 నుంచి అమలులో పెట్టింది. మన కాలేజీలు తొమ్మిదింటికి మొదలైనా లాభం లేదు, హాస్టల్ గంట ఐదింటికే మోగుతున్నంతకాలం.

సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చిన పిల్లవాడు పదింటిదాకా లేవడు. ఇంట్లోవారు ముసుగు లాగుతారు, నీళ్లు చల్లుతారు. నిజానికి ఆ పిల్లవాడి ఒంటి గడియారం ఏ వేళకు ఉందో తెలుసుకోవడానికి దొరికే అవకాశం ఆ సెలవులే. హాస్టల్లో పన్నెండు నుంచి ఐదు దాకా నిద్రపోతే నిద్ర నడిమి గడియ రెండున్నర. సెలవుల్లో ఒంటిగంట నుంచి పది దాకా అయితే నడిమి గడియ ఐదున్నర. తేడా మూడు గంటలు. దీన్నే రోనెబర్గ్ బృందం 2006లో సోషల్ జెట్‌లాగ్ అని పిలిచింది. విమానంలో దూరదేశం వెళ్లినవాడికి ఆ తడబాటు నాలుగు రోజుల్లో తీరుతుంది, ఎందుకంటే అక్కడి సూర్యుడు అతని గడియారాన్ని సరిదిద్దుతాడు. హాస్టల్ పిల్లవాడు ఊరు మారకుండానే ప్రతి వారం ఆ తడబాటులో ఉంటాడు. సెలవుల్లో అతను తీస్తున్నది బాకీ. పూర్తిగా తీరకుండానే మళ్లీ బస్సెక్కుతాడు.

దానంతట అదే వచ్చే మెలకువ

అలారం మోగడానికి రెండు నిమిషాల ముందు కళ్లు తెరుచుకోవడం చాలామందికి అనుభవమే. 1999లో జర్మనీలో యాన్ బోర్న్ బృందం దీన్ని కొలిచింది. ఆరింటికి లేపుతామని చెప్పి పడుకోబెట్టినవారిలో, ఆ వేళకు గంట ముందు నుంచే ఏసీటీహెచ్ అనే హార్మోన్ పెరగడం మొదలైంది. తొమ్మిదింటికి లేపుతామని చెప్పినవారిలో ఆ పెరుగుదల కనిపించలేదు. అంటే నిద్రలో ఉన్న మెదడు కూడా వేళను గమనిస్తూ, ఒంటిని ముందుగానే సిద్ధం చేస్తుంది. రోజూ ఒకే వేళకు లేచేవారికి ఈ ఏర్పాటు సాఫీగా సాగుతుంది. రోజుకో వేళకు లేచేవారికి, గాఢనిద్రలో ఉండగా లేపబడేవారికి అది కుదరదు, లేచాక అరగంట దాకా మత్తు వదలదు.

అయితే మెలకువ వచ్చినదల్లా సహజమైన మెలకువ కాదు. దోమలు కుట్టి, ఉక్కపోసి, అప్పు గుర్తొచ్చి, మూత్రానికి లేవాల్సి వచ్చి తెలివి వస్తే నిద్ర తీరినట్టు కాదు. లేచిన కాసేపటికి తల తేలికగా ఉండి, మధ్యాహ్నం లోపు కునుకు తీయాలనే యావ లేకుండా పని చేసుకోగలిగితే అది తీరిన నిద్ర. సెలవు రోజుల్లో మొదటి మూడు నాలుగు రోజులు బాకీ తీరడానికి వదిలేసి, ఆ తర్వాత ఎన్నింటికి తెలివి వస్తుందో చూస్తే ఎవరి వేళ వారికి తెలిసిపోతుంది.

బ్రాహ్మీ ముహూర్తం మాట ఇక్కడ రాక మానదు. అది సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాల ముందు ముగుస్తుంది. నెల్లూరులో జూన్ మొదట్లో సూర్యోదయం సుమారు 5:40కి, జనవరి మూడో వారంలో సుమారు 6:40కి. కనుక బ్రాహ్మీ ముహూర్తం వేసవిలో నాలుగు దాటగానే మొదలైతే, చలికాలంలో ఐదు దాటాక గానీ రాదు. పాత నియమం సూర్యుడితో పాటు జరుగుతుంది. హాస్టల్ గంటకు ఆ వెసులుబాటు లేదు. పైగా ఆ నియమం పుట్టినప్పటి ఇంట్లో దీపం వెలుగు తప్ప వేరే వెలుగు లేదు, చీకటి పడ్డాక కాసేపటికే అందరూ పక్కలు ఎక్కేవారు. రాత్రి పదకొండు దాకా ట్యూబ్‌లైట్ కింద కూర్చోబెట్టి, తెల్లవారుజామున బ్రాహ్మీ ముహూర్తమని లేపడంలో సగం నియమమే ఉంది.

ఆ సగం మాట రెండోవైపు కూడా నిజం. గడియారం పుట్టుకతో వచ్చింది కదా అని అంతా దాని మీదికి నెట్టలేం. 2013లో అమెరికాలోని కొలరాడోలో కొద్దిమందిని వారం రోజులు విద్యుత్ దీపాలు, ఫోన్లు లేకుండా కొండల్లో డేరాల్లో ఉంచారు. వారి గడియారాలన్నీ సూర్యుడి వైపు జరిగాయి. ఆలస్యంగా పడుకునేవారికీ పెందలాడే పడుకునేవారికీ మధ్య ఉన్న తేడా బాగా తగ్గింది, పూర్తిగా మాత్రం పోలేదు. అంటే తేడా ఉంది, దాన్ని రాత్రి వెలుతురు సాగదీస్తోంది. ఒంటిగంట దాకా ఫోను చూసి, నాది గుడ్లగూబ జాతి అనుకోవడం సబబు కాదు. లేవగానే పావుగంట అరగంట ఆరుబయట వెలుతురులో తిరగడం, రాత్రి తొమ్మిది తర్వాత ఇంట్లో దీపాలు తగ్గించడం, సెలవైనా లేచే వేళను గంటకు మించి జరపకపోవడం, వీటితో చాలామంది గడియారం కొంత ముందుకు వస్తుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏడాది పొడవునా పొద్దుటి ఎండకు కొరత లేదు కనుక ఇది ఖర్చు లేని మందు.

ఉక్కపోత, మధ్యాహ్నపు కునుకు

నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కాస్త తగ్గాలి. అది చేతులు, పాదాల చర్మం గుండా బయటికి పోతుంది. రోహిణి కార్తెలో నెల్లూరు, కొత్తపట్నం, సింగరాయకొండ వైపు గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. కనిగిరి, మార్కాపురం లాంటి మెట్ట ప్రాంతాల్లో పగటి ఎండ మండించినా తెల్లవారుజాముకు గాలి చల్లబడుతుంది. డాబా మీద మంచం వేసుకుని పడుకునేవారికి అసలైన నిద్ర అప్పుడే. టాంజానియా, నమీబియా, బొలీవియాల్లో కరెంటు లేకుండా బతికే మూడు తెగల నిద్రను గమనించిన 2015 నాటి అధ్యయనంలో, వారు సూర్యాస్తమయమైన మూడు గంటలకు పైగా గడిచాక పడుకుని, బయటి వేడి కనిష్ఠానికి చేరే వేళకు లేస్తున్నట్టు తేలింది. వెలుతురుతో పాటు గాలి చల్లదనం కూడా నిద్రకు వేళ చెబుతుందన్నమాట. వేడికి రాత్రంతా దొర్లి, చల్లగాలి మొదలయ్యాక కన్నంటుకున్నవాడిని ఐదింటికి లేపితే అతనికి దక్కింది ఎంత?

ఈ ప్రశ్నకు నెల్లూరుకు దగ్గరి మహానగరమైన చెన్నై నుంచి జవాబు ఉంది. అక్కడ తక్కువ ఆదాయం ఉన్న 452 మంది నిద్రను చేతికి కట్టిన పరికరాలతో కొలిచిన అధ్యయనం 2021లో వెలువడింది. వారు రోజుకు సుమారు 8 గంటలు పక్క మీద ఉంటున్నారు, నిద్ర మాత్రం 5.5 గంటలే. వేడి, చప్పుడు, దోమలు నిద్రను ముక్కలు చేస్తున్నాయి. సలహాలు, డబ్బు, సౌకర్యాలు ఇచ్చి రాత్రి నిద్రను 27 నిమిషాలు పెంచినా వారి పనిలో చెప్పుకోదగ్గ మెరుగు కనిపించలేదు. పనిచోటే మధ్యాహ్నం చిన్న కునుకు తీయనిచ్చినప్పుడు మాత్రం పని వేగం, మనసు కుదురు రెండూ పెరిగాయి. మధ్యాహ్నం భోజనమయ్యాక వచ్చే మగత అన్నం వల్లే రాదు, ఒంటి గడియారంలో సహజంగా ఉన్న చిన్న పల్లం అది. ఎండాకాలం మధ్యాహ్నం వేపచెట్టు కింద తువ్వాలు పరుచుకుని అరగంట కన్ను మూసే రైతు కూలీని చూసి సోమరి అనడం పట్నపు ఆఫీసుల నుంచి వచ్చిన అలవాటు. అరగంటకు మించితేనే ఇబ్బంది, లేచాక మత్తు పట్టుకుంటుంది, రాత్రి నిద్ర చెడుతుంది.

తేడాల్లో ఉన్న సౌలభ్యం

ఒకే గూటిలో ఇన్ని రకాల నిద్రలు ఎందుకున్నాయి? టాంజానియాలోని హాద్జా తెగలో 33 మంది పెద్దల నిద్రను 20 రోజులు కొలిచి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, 220 గంటలకు పైగా రాత్రి సమయంలో అందరూ ఒకేసారి నిద్రలో ఉన్నది 18 నిమిషాలే. ఎవరో ఒకరు ఎప్పుడూ మెలకువగానే ఉన్నారు, ఎవరూ కాపలా వంతులు వేసుకోకుండానే. వయసు తేడాలు, పుట్టుక తేడాలు గుంపుకు రక్షణగా పనిచేసి ఉండవచ్చని పరిశోధకుల ఊహ.

ఈ సౌలభ్యాన్ని ఇక్కడి పనుల్లో వాడుకోవచ్చు. కొండపి, టంగుటూరు చుట్టుపక్కల పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది) కాల్చే రోజుల్లో చూడండి. ఆకు ఎక్కించింది మొదలు ఐదారు రోజులు పొయ్యి ఆరకూడదు. ఆకు పసుపు తిరిగే దశలో వేడి మెల్లగా పెరగాలి. కట్టెలు వేసేవాడు కునుకు తీసి లేచి, ఆ తొందరలో ఒక్కసారిగా మంట పెంచితే ఆకు రంగు చెడి, వేలంలో ధర పడిపోతుంది. థర్మామీటర్ చూస్తూ కూర్చోవడానికి ఒకే మనిషిని రాత్రంతా ఉంచడం కన్నా, సహజంగా రాత్రి మేలుకునే కుర్రవాడికి రెండింటి దాకా, పెందలాడే పడుకుని రెండున్నర మూడుకు తనంతట తాను లేచే పెద్దమనిషికి అక్కడి నుంచి అప్పజెబితే ఇద్దరికీ నిద్ర దక్కుతుంది, ఆకూ దక్కుతుంది. కొన్ని కుటుంబాల్లో ఇది ఎవరూ చెప్పకుండానే జరుగుతోంది. కృష్ణపట్నం వైపు విద్యుత్ కేంద్రాల్లో, ఓడరేవులో షిఫ్టులు వేసేవారు, 16వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రి లారీలు పంపేవారు ఈ పాటి విచారణ చేస్తే ప్రాణాలకూ మేలు. రాత్రి రెండు నుంచి ఆరు దాకా డ్రైవర్ కన్ను మూతపడే ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువ.

కొన్ని తేడాలను మాత్రం స్వభావమని వదిలేయకూడదు. పెద్దగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడేవారు, ఎనిమిది గంటలు పడుకున్నా పగలు తూగేవారు, వారాల తరబడి తెల్లవారుజామునే తెలివి వచ్చి దిగులుతో మళ్లీ నిద్ర పట్టనివారు డాక్టర్‌ను చూడాలి. మొదటిది శ్వాసకు సంబంధించిన జబ్బు కావచ్చు, చివరిది మానసిక కుంగుబాటుకు గుర్తు కావచ్చు.

ఇక ఈ లెక్కలు వేటిలోకీ రానివారు ఇంటి ఆడవారు. కుళాయి నీళ్లు ఐదింటికి వస్తాయి, పాల కేంద్రం తెరిచేలోగా గేదెను పితకాలి, పిల్లల క్యారియర్ ఏడింటికల్లా కట్టాలి. రాత్రి అందరూ తిన్నాక గిన్నెలు తోమేసరికి పదిన్నర. ఆమె గడియారం ఏ రకమో ఇంట్లో ఎవరికీ తెలియదు, చాలాసార్లు ఆమెకే తెలియదు, ఎందుకంటే దానంతట అదే మెలకువ వచ్చేదాకా పడుకున్న రోజు పెళ్లయ్యాక లేదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవారు రోజుకు 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు తేలింది. నాలుగింటికే తెలివి వచ్చి వరండాలో కూర్చునే మామగారు ఉన్న ఇళ్లు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. నీళ్లు పట్టడం, పాల క్యాన్ కేంద్రానికి చేర్చడం, పొయ్యి మీద మొదటి కాఫీ పెట్టడం ఆయన అందుకుంటే, కోడలికి ఆరింటిదాకా నిద్ర దొరుకుతుంది. ఆయన నిద్రలో ఒక్క నిమిషం కూడా తగ్గదు.